ఐదు సెంటీమీటర్లు తక్కువ

మాదాపూర్‌లో ఆరో అంతస్తు.
నా కిటికీలోంచి కనబడే నీళ్ళంటే
కింద ఆగిన వాటర్ ట్యాంకరు ఒక్కటే.
అయినా నా చేతిలో ఇప్పుడు
రెండువందల పదహారు పడవలున్నాయి.

గ్రీసు నీళ్ళలో తిరిగే సొంత పడవలు.
ఒక్కోదానికీ ఎక్సెల్‌లో ఒక వరుస:
పేరు, జెండా, పొడవు,
ఏ నెల నుంచి ఏ నెల దాకా నీళ్ళలో ఉంటుందో.
గాలి మీద పన్ను లేదు, అల మీద లేదు.
పొడవు మీదే.

ఏడేళ్ళయింది ఈ పనిలో.
సముద్రాన్ని ఒక్కసారి చూశాను, సూర్యలంకలో, ఆఫీసు టూరులో,
అదీ ఎవరో ఫోన్ చేసి
పాస్‌వర్డు అడుగుతుండగా.

ఇవాళ బేరెండ్ అనే ఆయన రాశాడు, లెఫ్కాద రేవు నుంచి.
వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు వెనక.
ఇక్కడ ట్యూబ్‌లైట్లు వెలిగాక కూడా
ఆయన ఉత్తరంలో ఎండ కాస్తూనే ఉంది.
"నా పడవ పదకొండు మీటర్ల తొంభై ఐదు.
వెనక ఈతకు దిగే నిచ్చెన ఉంది.
రేవు పోలీసులు దాన్నీ కలిపి కొలిచారు.
పన్నెండు దాటిందట, దాటితే లెక్కే వేరట.
నిచ్చెన కూడా పడవేనా?"

నిబంధన తెరిచాను.
గ్రీకు చట్టం, ఇంగ్లీషు అక్షరాలు,
అర్థం చేసుకునేది మాత్రం బోయిగూడ తెలుగులో.
మూడో పేరా మధ్యకొచ్చేసరికి
మా అమ్మ మణెమ్మ వచ్చి కూర్చుంది.

సాగర్ గట్టు మీద మక్క కంకుల బండి.
తైబజార్ జంగయ్య టేపు తెచ్చేటోడు కాదు,
అడుగులో అడుగేసి కొలిచేటోడు.
ఆయన చెప్పు ఎంతుంటే సర్కారు అడుగు అంత.
ఆరు దాటితే ఇంకో చిట్టీ.
బండి ఐదున్నర.
గొడుగు నీడ ఎనిమిది.
"నీడకు గూడ పైసలా అన్నా?"
"జాగ పట్టింది ఏదైనా బండే, మణెమ్మా."
ఆయన చట్టం ఎక్కడ చదివాడో గానీ
మూడో పేరాలో దాదాపు ఆ మాటే ఉంది.

సైకిల్ బెల్లు వినబడగానే అమ్మ గొడుగు మూసేది.
మే నెల ఎండ, ముంగట బొగ్గులు,
నెత్తిన కొంగు.
జంగయ్య కొలిచి, గులాబి చిట్టీ చింపి,
ఊరికే ఒక కంకి తీసుకుని
నిమ్మకాయ ఇంకొంచెం రాయమని చెప్పి
పోయేదాకా అట్లే నిలబడేది.
నేను ఏడో తరగతి.
మూసిన గొడుగు మోయడం నా డ్యూటీ.

వానాకాలం పడవ పందేలప్పుడు
సాగర్ నిండా తెల్ల తెరచాపలు లేచేవి.
"గంతగనం పొడుగున్నయ్,
జంగయ్య వాటినెట్ల కొలుస్తడే, నీళ్ళ మీద నడిచా?"
ఆ రోజు కంకులు మాడిపోయేదాకా నవ్వాం.

ఇప్పుడైతే చెప్పగలను, అమ్మా.
కాగితం చూసి కొలుస్తారు.
పడవను ఒడ్డుకెక్కించి
కాగితాలు కస్టమ్స్ వాళ్ళకప్పగిస్తే
అది నిద్రపోయినట్టు, ఆ నెలలకు పన్ను లేదు.
నీకు టైఫాయిడ్ వచ్చి
మూడు వారాలు బండి గోడకానుకుని ఉన్నప్పుడు
ఇరవయ్యొక్క చిట్టీలు
తలుపు సందులోంచి లోపలికొచ్చాయి.
బండి నిద్రపోతుందని ఎవరూ రాయలేదు.

జవాబుకు ఫార్మాట్ ఉంది:
ముందు సానుభూతి, తర్వాత నిబంధన,
చివర బ్యాంకు వివరాలు.
ఆయన మీద కోపం రావాలి నాకు,
ఆ నిచ్చెన ఖరీదుకు పది బండ్లొస్తాయి.
రాలేదు.
ఆ ప్రశ్న నాకు ముందే తెలుసు.

నాలుగో పేరా కింద, చిన్న అక్షరాల్లో:
పనిముట్టు లేకుండా విప్పగలిగింది
పొడవులోకి రాదు.

రాశాను:
"అయ్యా, మీ నిచ్చెనకున్నవి బోల్టులా, పిన్నులా?
పిన్నులైతే, కొలిచేవాళ్ళు వచ్చే ముందు
తీసి లోపల పెట్టండి.
వాళ్ళు పోయేదాకా ఎవరూ ఈతకు దిగకండి."

టీమ్ లీడర్ హేమనళిని చదివి
చివరి రెండు వాక్యాలు కొట్టేసింది,
సలహాలు మన పరిధి కాదని.
ప్రశ్న ఒక్కటే వెళ్ళింది.

ఎనిమిదిన్నరకు, క్యాబ్ కోసం లేస్తుంటే,
జవాబొచ్చింది.
ఒకే మాట.

బోల్టులు.