కత్తెర సైగ

మూడొద్దుల పుస్తకాల పండుగ,
హన్మకొండల.
నేను ముందట కూసునేటోణ్ని కాదు.
అందరి ఎనుక, ఎక్స్‌టెన్షన్ బాక్సుల నడుమ,
చెవులకు హెడ్‌ఫోన్లు,
చేతికింద పన్నెండు గుండీల మిక్సరు.

రాసేటోళ్లను మీరు మొఖం చూసి గుర్తువడతరు,
నేను ఊపిరి ఇని.
కథల పెద్దమనిషి ప్రతి మాటకు ముందు
చిన్నగ గుటక మింగుతడు.
కవయిత్రి సుగుణశీల కాయితం తిప్పితే
కొత్త గుడ్డ చింపినట్టుంటది.
నది ఎండిపోతున్నదని చెప్పిన ప్రొఫెసరు
గంటల నాలుగు ప్లాస్టిక్ సీసాలు ఖాళీ జేసిండు,
నాలుగు మూతలూ కర్రుమన్నయ్.
గియ్యి ఏ పుస్తకంల అచ్చుగావు.

రెండోనాటి సభ పేరు
‘దేవుడు, ధరణి, మనం’.
ధరణి అంటే పోర్టలనుకొని
పాసుబుక్కు సంచిల వెట్టుకొచ్చిన ముసలాయన
మొదటి వరుసల కూసున్నడు.
ఎవ్వరు లేపలే. లేపితే బాగుండదని.

గద్దె మీద ముగ్గురు.
పారే ఏటి ఒడ్డున కూసున్నా
వజూకు చారెడు నీళ్లే వాడుకోవాలన్నడు మౌల్వీ సాబ్.
తోటను కాయమని ఇచ్చిండు గని
అమ్ముకొమ్మని ఇయ్యలేదన్నడు
ఫాతిమానగర్ ఫాదర్.
పొద్దుగాల కాలు మోపేముందు
భూమిని మాఫీ అడుగుతమన్నడు మఠం స్వామి.
మూడు గొంతులు ఒక్క తీరు నిలవెట్టిన,
ఒకటి ఇంకోదాని మీద ఎక్కకుండ.
నా పనే అది.

ప్రశ్నలన్నరు. ఓదెమ్మ లేచింది.
భూపాలపల్లి అవుతల
బొగ్గుబాయి మింగిన ఊరట ఆమెది.
మైకు వట్టుకోరాక, కాలే గిన్నె లెక్క
కొంగు అడ్డం వెట్టి రెండు చేతుల వట్టుకున్నది.

“అయ్యలారా,
యాపచెట్టుకు ఇంత, బాయికి ఇంత,
రేకుల కొట్టానికి ఇంతని రాసిన్రు.
బొడ్రాయి కాడికొచ్చినంక సారు కలం ఆగింది.
ఆగి, సున్న వెట్టిండు.
క్రేన్‌తోని లేపి కాలనీల సిమెంటు వోసి పాతిన్రు.
ఒక బిడ్డ బొడ్డు తీసి
ఇంకో బిడ్డకు అతికిస్తరా ఎవలన్న?
మీ దేవుళ్లల్ల
ఊరు లేచిపోతే ఎంబడి నడిచొచ్చేటోడు
ఎవలో చెప్పున్రి.
మా పోచమ్మ అయితే రాలే.
నేను ఎనుకకు తిరిగి చూసిన...”

కన్వీనరు సారు నా దిక్కు చూసి
రెండేళ్లు కత్తెర లెక్క ఆడిచ్చిండు.
బయట చాయ చల్లారుతున్నది.

అబద్ధమెందుకు, కట్ చేసిన.
ఆరో గుండీ కిందికి గుంజిన.
మూడొద్దుల కిరాయి ఇంకా చేతికి రాలేదు.

ఆమెకు తెల్వలే.
తెల్వదు గనుక ఆగలే.
సచ్చిన మైకును అట్లనే వట్టుకొని చెప్తనే ఉన్నది.
ఒక్కొక్క కుర్చీ కిర్రుమనుడు బందయింది.
హాలంతా మెడ ముందుకు వంచింది.

నా హెడ్‌ఫోన్లల్ల మాత్రం
గద్దె మీది మూడు మైకులు
దూరంకెళ్లి ఆమె గొంతును ఏరుకుంటున్నయ్,
కోసిన మడిల పరిగె ఏరినట్టు.
స్వామి రుద్రాక్ష టక్కుమన్నది,
ఫాదర్ గడియారం, మౌల్వీ సాబ్ దగ్గు,
వాటి సందుల్లకెళ్లి
“...తిరిగి చూస్తే గుంత. గుంతల నీళ్లు.
నీళ్లల్ల మొగులు.”

ఎవ్వరు జవాబియ్యలే.
చాయకు పోయిన్రు.
పాసుబుక్కు ముసలాయన పోయి ఆమె పక్కన కూసున్నడు.
ఏం మాట్లాడుకున్నరో,
ఆడ నా మైకు లేదు.

రాత్రి పెన్‌డ్రైవుల ఎక్కిస్తుంటే చూసిన.
తెర మీద సభంతా గుట్టలు గుట్టలు.
ఆమె కాడికొచ్చేసరికి సాపు గీత,
నడుమ గింతంత ఉబ్బు,
పసిబిడ్డ బొడ్డంత.
“ప్రశ్నలు తీసెయ్, లాంగయింది,” అన్నడు సారు.
సరే అన్న.

ఇంకా తీయలే.
టెంటుహౌసు పిలగాడు బాక్సులు అడుగుతున్నడు.
మోచేతి మీద వైరు సుట్టుకుంట కూసున్న,
ఒక సుట్టు, ఇంకో సుట్టు.