కూత

నెల్లిమర్ల జూట్‌మిల్లు వెనక గ్రౌండులో
ఆదివారం ఆరున్నరకే సున్నపు గీత పడుతుంది.
ఈల ఉండదు. చెవులు మూసుకునే పిల్లలున్నారని
తవుడు మాస్టారు ఎర్ర తువ్వాలు ఎగరేస్తాడు.
పట్టుకోవడమూ ఉండదు;
నడుముకి దోపుకున్న గోనెపీలిక లాగితే ఔట్.

మా సన్నిబాబుకి పదకొండేళ్లు.
వాడి దగ్గరున్నది ఒక్కటే మాట: "గేటు పడింది."
అన్నం ముందు గేటు పడింది,
జొరమొస్తే గేటు పడింది,
మా చెల్లి పెళ్లిలో తాళి కడుతుంటే గేటు పడింది.
ఆ రోజు వాడి నోటి మీద పడిన చెయ్యి నాదే.

ఇక్కడ నాలుగు వారాలు గీత పక్కనే కూర్చున్నాడు,
సున్నం గోరుతో గీకుతూ.
ఎవరూ లెగమనలేదు.
సంఘం చందాతో కొన్న ఫ్లాస్కులోంచి
మిగతా తల్లులు నాకు టీ పోసిచ్చారు,
డాక్టరు ఏమన్నాడని అడక్కుండా.

అయిదో వారం లేచాడు. గీత దాటాడు.
గేటుపడిందిగేటుపడిందిగేటుపడింది
"కబడ్డీ అనాలి కదండీ" అన్నాడెవరో తండ్రి.
మాస్టారు తువ్వాలు తియ్యలేదు.
"దమ్ము తెగిందా? మాట మారిందా?
మరేటి? కూతే."

ఒకే మాటని ఒకే ఊపిరిలో
ఎన్నిసార్లయినా అనడమే ఆటయిన చోటు
ఒకటుందని ఇన్నేళ్లూ నాకెవరు చెప్పారు?

ఇరవయ్యారు లెక్కపెట్టాను.
ఎవర్నీ ముట్టుకోకుండా తిరిగొచ్చాడు.
పాయింటు రాలేదు.

సోమవారం స్టేషను దగ్గర నిజంగానే గేటు పడింది.
రైలు కూత వెయ్యకముందే వీడు మొదలెట్టాడు.
బళ్లవాళ్లు తిరిగి చూశారు.
నా చెయ్యి లేచింది.
లేచి, నిన్నట్నుంచీ విప్పనివ్వని
వాడి నడుం గోనెపీలికని
సర్దింది.