బెత్తెడు

పగలంతా పళ్లు చేస్తాను నేను
కుతైసిలో, నది మీద తెల్లవంతెన దగ్గరి రెండో అంతస్తులో.
పింగాణీ పొడి తడిపి, కుంచె మొనతో
ఎవరెవరి నవ్వులకో మరమ్మతు.
గోరంత పని.
గోరంత తప్పు చేసినా ఆ మనిషి ఆపిల్ కొరకలేడు.

సాయంత్రం మట్టి.
వంటింటి వెనక, పాత వాషింగ్ మెషీన్ మోటారు బిగించిన సారె.
అది తిరిగితే గోడలు వణుకుతాయి,
కింది వాటా గూలికో ముసలామె
చీపురుకర్రతో నా నేలను పొడుస్తుంది.
నలభై ఏడో ఏట పట్టిన పిచ్చి ఇది. తొందరగా వదలదు.

నాకు సొంతంగా వచ్చిందంటూ ఏమీ లేదు.
పిడి అతికే ఒడుపు జబూలి గారిది.
ఆదివారం సంతలో ఆమె బల్ల ముందు గంటసేపు తచ్చాడి
ఒక చెంబు కొన్నాను,
ఇంటికొచ్చి పళ్లు కోసే సన్నరంపంతో
ఆ పిడిని నిలువునా కోశాను,
లోపల ఒంటికి ఎలా కలిసిందో చూద్దామని.
పై వారం ఉండబట్టలేక చెప్పేశాను.
కోపం రాలేదామెకి.
"మా గురువు జాడీని నేను సుత్తితో చదివాను" అంది.
కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారే,
ఆ ఒక్క పెట్టులో ఏడాది చదువు ఉంటుందని
ఎవరూ అనరు.

బతూమీలో ఉషాంగి అని ఒక కుర్రాడు,
ద్రాక్షతీగల బూడిదతో పూత కలుపుతాడు.
వానలో తడిసిన తేయాకు రంగు.
పాళ్లన్నీ మందులచీటీ వెనక రాసిచ్చాడు, ఏదీ దాచుకోకుండా.
నా కొలిమిలో మాత్రం
అది గిన్నెలు కడిగిన నీళ్లయింది.
ఫోన్ చేస్తే అడిగాడు, "తీగ ఎక్కడిది?"
మా అత్త పెరటిది.
"మరి బూడిదకి ఊరుండదా?"

ఈ శరత్తులో ప్లాటోన్ దగ్గరికి వెళ్లాను,
జెస్తఫోని దాటాక, కొండ కింద.
నేలలో మెడ దాకా పాతి
ద్రాక్షసారా పులియబెట్టే క్వెవ్రిలు చేస్తాడు,
నిలువున్నర ఎత్తు బానలు.
సారె లేదు. మట్టిని మోకులా పేని
అంచు మీద అంచు.
రోజుకి బెత్తెడు. అంతే.
"మిగతా పొద్దంతా?"
"దాన్ని ఆరనిస్తాను."

ఎనిమిది బానలు ఒక్కసారే పెరుగుతున్నాయి కొట్టంలో,
భుజాలు ఇంకా రాని మనుషుల్లా.
నిచ్చెన మీద నిలబడి లోపలివైపు
చెక్కముక్కతో నునుపు చేస్తున్నాడు, చేస్తూనే ఉన్నాడు.
రేపు మట్టిలోకి పోయేదానికి
ఇంత నునుపెందుకు, చూసేదెవరు అన్నాను.
కిందికి చూశాడు.
"నువ్వు పెట్టే పంటికి వెనకవైపు చూసేదెవరు?"
"నాలుక."
మళ్లీ పనిలో పడ్డాడు.

అతనికి పై వరసలో ఒక పన్ను లేదు.
నవ్వినప్పుడు కొట్టం తలుపు తెరిచినట్టుంటుంది.
గులాబి ముద్ద కొరికించి అచ్చు తీసుకున్నాను.
మూడు వారాలకి పట్టుకెళ్లి పెడితే
అద్దం ఇస్తున్నా తీసుకోలేదు.
బాన కాలాక పగులుందో లేదో
వేలి కణుపుతో తట్టి వింటాడే,
అలాగే గోటితో పంటిని తట్టుకున్నాడు,
ఒకసారి, ఇంకోసారి,
తల పక్కకి వంచి.
"మోగుతోంది" అన్నాడు.

నాకింతవరకూ ఎవరూ
అంత పెద్ద మాట అనలేదు.

ఇప్పుడు మోటారు వేయడం లేదు.
మట్టిని పేని, జబూలి గారి బొటనవేలితో నొక్కి,
ఉషాంగి బూడిదని పక్కనపెట్టి
మా అత్త బూడిదతోనే పూతలు కలుపుతున్నాను.
నిన్న బెత్తెడు పెట్టాను. ఈవేళ బెత్తెడు.
తడిగుడ్డ కప్పి చేతులు కడుక్కుంటుంటే
ఎవరో తలుపు తట్టారు.
గూలికో. చేతిలో చీపురు లేదు,
మూతపెట్టిన సూప్ గిన్నె ఉంది.
"నాలుగు రోజులుగా చప్పుడు లేదు,
ఒంట్లో బాగానే ఉందా?"