ముడత

బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
పోలయ్య ఇస్త్రీ బండి.
ప్రతి బట్ట అంచునా నల్లజీడి గుర్తు.

ఇంటరు పిల్లలకి ఇలాగే చెప్పేదాన్ని:
ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో
ప్రోటీనుకి చక్కెర గుర్తు పెడతారు,
అది చూసి తోటి ప్రోటీను చెయ్యి పట్టుకుంటుంది.
మడత కుదిరిందా, గడప దాటుతుంది.
లేదా, మళ్లీ గుర్తు, మళ్లీ బల్ల మీదికి.
ఎన్నిసార్లని?
ఆఖరికి చింపేస్తారు.

మనవరాలి నుదురు ముద్దాడితే ఉప్పు.
గుంటూరు ఎండ అనుకున్నాం.
ఒక్క పూస జారిన ప్రోటీనట,
కాస్తో కూస్తో పనికొచ్చేదేనట,
నలిగిందని లోపలే ఆపేశారట.

నా నేతచీర చేతికిస్తూ పోలయ్య,
"అంచు దగ్గర ముడత పోలేదమ్మా.
కట్టుకుంటే తెలీదులే" అన్నాడు.

డబ్బులివ్వడం మరిచిపోయి
అక్కడే నిలబడ్డాను.