రైతు చూస్తుండగా

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెస్సు మీద మా ఆఫీసు.
సాంబారు పోపు వాసన మెట్లెక్కి వచ్చే వేళకి
నేను వాక్యాలు రాస్తుంటాను.
ప్రోగ్రాం కాదు, వాక్యాలు.
మిర్చియార్డు కాటా రశీదులు ఇకనుంచి ఫోన్లో వస్తాయట,
చిరగవట, వానకి తడవవట.
ఆ పని ఎలా నడవాలో ముందు మామూలు తెలుగులో రాసి
ఆ తెలుగునే యంత్రానికి అప్పజెప్తాం.
మాట నిలబడితే పచ్చ, తప్పితే ఎరుపు.

సన్నివేశం: కాటా.
మొదట: రైతు నలభై బస్తాల తేజ రకం తెచ్చాడు.
ఆ మీదట: గుమాస్తా కాటా వేశాడు.
అప్పుడు: బరువు రశీదులో పడాలి.

మూడు వాక్యాలూ పచ్చగా వెలిగాయి.
లెనిన్‌బాబు కుర్చీ వెనక్కి వాల్చి
టీకి పోదాం పదమన్నాడు.

నేను అచ్చు తీసుకుని యార్డుకెళ్ళాను.
గేటు దాటకముందే తుమ్ములు.
ఎర్రటి గుట్టల సందుల్లో హమాలీల పరుగు,
తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ కబుర్లు,
ముప్పై రెండేళ్ళుగా కాటా పక్కనే నిలబడ్డ మీరావలి.

ప్రోగ్రాం చూపిస్తే దణ్ణం పెట్టి పంపేవాడే.
ఇది చూసి కళ్ళజోడు వెతుక్కున్నాడు.
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ,
రేషన్ కార్డులో పిల్లల పేర్లు సరిచూసినట్టు చదివాడు.

"బస్తా కాదు, టిక్కీ అను.
యార్డులో బస్తా అంటే నవ్వుతారు."
కొట్టేసి టిక్కీ అని రాశాను.
"ఇప్పుడు బాగుందమ్మా. ఎవరి ముందు?"
"ఏంటండీ ఎవరి ముందు?"
"కాటా ఎవరి ముందేశాడు మీ గుమాస్తా?
రైతు టీకి పోయినప్పుడేసినా
బరువు రశీదులో పడుద్ది కదా ఈ లెక్కన.
చానామంది అట్టాగే పడేశారు."
కొంచెం ఆగి,
"నేనూ, ఓ రెండేళ్ళు," అన్నాడు.

చెవి మీది పెన్ను తీసి
రెండో వాక్యం నెత్తిన, ఏటవాలుగా, రాశాడు:
రైతు చూస్తుండగా.

రెండే మాటలు.
సాయంత్రానికి తెరంతా ఎరుపు.
"చూడ్డానికి మన దగ్గర గడే లేదు కదా,"
అని గొణిగాడు లెనిన్‌బాబు.
నాలుగు వేల వరసలు వెతికాం.
రైతుకి పేరుంది, ఊరుంది, బ్యాంకు నంబరుంది,
కళ్ళు ఎక్కడా లేవు.

చిత్రమే. యార్డులో ఎరుపెక్కితే పంట,
మాకు పచ్చబడితే పంట.
వాళ్ళ కాయ పండయ్యే దారిలో
మేం వెనక్కి నడుస్తాం, పండు నుంచి కాయకి.

తొమ్మిది రాత్రులు పట్టింది.
కాటా అంకె ముందు రైతు ఫోన్లో పెద్దగా కనపడాలి,
ఆయన సరే నొక్కాలి,
ఆ తర్వాతే రశీదు.
పచ్చ వచ్చిన రోజు పునుగులు తెప్పించుకున్నాం.

మళ్ళీ తీసుకెళ్తే మీరావలి చదివి, మడిచి,
జేబులో పెట్టుకోబోయి ఆగాడు.
"కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయొచ్చినోడో?
అంకెలు రానోడో?"

అక్కడే, టిక్కీ మీద కాగితం పెట్టి రాశాను.
మొదట: రైతుకి అంకె తెలియదు.
ఆ మీదట: గుమాస్తా కాటా వేశాడు.
అప్పుడు
దగ్గర పెన్ను ఆగిపోయింది.

"అప్పుడేముందమ్మా, నేను గట్టిగా చదువుతా,
పక్క కాటావోడికీ వినపడేట్టు. రాయి."

రాశాను.
గొంతుకి ఏ పరీక్ష పెట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు.
లెనిన్‌బాబు తీసేద్దామన్నాడు, నేను ఉంచేశాను.
వెనక పరీక్ష లేని వాక్యాన్ని
యంత్రం తప్పూ అనదు, ఒప్పూ అనదు,
పసుపు రాసి పక్కన పెడుతుంది.

ఇవాళ్టికి నూట పన్నెండు వాక్యాలు పచ్చ.
ఒక్కటి మాత్రం, దుగ్గిరాల కొమ్ములా,
తెర అడుగున అట్టాగే ఉంది:
అప్పుడు మీరావలి గట్టిగా చదవాలి.