బ్లేడు ఎత్తే చోటు

నెలలో మూడో మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
ఆల్డర్‌విక్ లైబ్రరీ కింది గదిలో
మడత కుర్చీలు తెరుచుకునే చప్పుడుతో
మా ఏడూళ్ల సంఘం మొదలవుతుంది.
నా పని మినిట్స్ రాయడం.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఓటింగు ముందు ఎవరు లేచి కాఫీకి వెళ్ళారు.
చివరిది రాయను. గుర్తుంచుకుంటాను.

మిన్నెసోటా మంచుకి ఊరి పేర్లు తెలియవు.
కురిస్తే ఏడూళ్ల మీదా ఒకటే దుప్పటి.
తీసేటప్పుడే మాకు గట్లు గుర్తొస్తాయి.

పాత మిల్లు రోడ్డు మీద
మా ఊరి మంచు నాగలి తెల్లారగట్ల బయల్దేరి
తారును గీకుతూ, నిప్పురవ్వలు రాలుస్తూ వెళ్ళి
పొలిమేర బోర్డు దగ్గర బ్లేడు పైకెత్తి
వెనక్కి తిరిగేది.
అవతల బ్రెన్‌హోమ్ వాళ్ళ నాగలి
తన బోర్డు దగ్గర తనూ అంతే.
రెండు బోర్డుల మధ్య పద్నాలుగు వందల అడుగులు.
ఏ కాలంలో ఏ సర్వేయరు చెయ్యి వణికిందో,
ఎవరిదీ కాని తెలుపు.

జనవరిలో అక్కడే అంబులెన్సు అడ్డం తిరిగింది.
లోపల వెర్నా హౌగ్లండ్,
మూడూళ్ల బడిపిల్లలకి వండిపెట్టే మనిషి,
గుండె పట్టుకుని, నలభై నిమిషాలు.
బతికింది.
బండిని లాగిన తాడు ఏ ఊరిదని
ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

అడగాల్సినవన్నీ ఫిబ్రవరిలో అడిగాం.
డీజిల్ ఎవరిది, ఉప్పు ఎవరిది,
పొరుగూరి పోస్టుబాక్సు విరిగితే బీమా ఎవరిది.
మేయర్ ట్వైట్ క్యాలిక్యులేటర్ తీసి
అడుగుకి ఎన్ని సెంట్లో తేల్చాడు.
మార్చిలో లాయరు రాలేదు.
ఏప్రిల్లో మంచు కరిగింది, దాంతో పాటు మా పట్టుదలా.
మే నెల ఎజెండాలో ఆ అంశమే లేదు.

గట్టు తగాదాలు నేనెరగనివి కావు.
మా తాత, ఆయన పక్క పొలం ఆసామీ
జానెడు గట్టు కోసం కోర్టుకెక్కి
చెరో ఎకరం అమ్ముకున్నారు.
ఇక్కడ తగాదా తలకిందులు.
నాదంటే నాదని కాదు,
నాది కాదంటే నాది కాదని.

సెప్టెంబరులో, జనం మాట్లాడే మూడు నిమిషాల వంతులో
ఓర్విల్ కచ్‌మారెక్ లేచాడు.
ముప్ఫయ్యొక్క శీతాకాలాలు మా నాగలి నడిపి దిగిపోయినవాడు.
కాగితం తెచ్చుకున్నాడు, చదవలేదు.
"బోర్డు కనపడగానే చెయ్యి దానంతటదే లివర్ మీదికి పోయేది.
బ్లేడు లేచాక క్యాబులో ఒక నిశ్శబ్దం ఉంటుంది.
అది నాకు ఎప్పుడూ నచ్చలేదు."
అంతే. ఇంకా రెండు నిమిషాలు మిగిలుండగానే కూర్చున్నాడు.
గోడ గడియారం వాటిని ఖర్చు పెట్టింది.

బ్రెన్‌హోమ్ సభ్యురాలు మాయ్ షోంగ్ ప్రతిపాదించింది:
ఎవరి నాగలి ముందొస్తే వాళ్ళు అవతలి బోర్డు దాకా పోవాలి,
లెక్కలు ఎండాకాలం చూసుకుందాం.
ఆరు ఔను, ఒకటి కాదు.
కాదన్నది ట్వైట్.
అందరూ వెళ్ళాక కుర్చీలు మడిచిందీ ఆయనే, ఎప్పట్లాగే.

నవంబరు మీటింగు రోజే తొలి మంచు. రాత్రంతా కురిసింది.
పొద్దున్నే మిల్లు రోడ్డెక్కాను, పనేమీ లేకపోయినా.
ఆ చోటు వస్తుందని కారు నెమ్మది చేశాను.
టైర్ల కింద మోత మారుతుందని చెవొగ్గాను.
ఎప్పుడు దాటానో తెలియలేదు.
అద్దంలో వెనక్కి చూస్తే బోర్డు,
మంచు పట్టి, ఊరి పేరులో చివరి రెండక్షరాలే పైకి కనిపిస్తూ.

సాయంత్రం మినిట్స్‌లో రాశాను:
అంశం నాలుగు. అమలైంది.
అంశం ఐదు. తప్పిపోయిన కుక్కల షెల్టరుకి కొత్త కప్పు;
అందులో ఏ ఊరి కుక్కలు ఎన్ని.
చర్చ జరిగింది. చాలాసేపు జరిగింది.
వాయిదా.