గొట్టానికి రెండు నోళ్లు

కాల్చేముందు వెనక్కి చూడాలి.
దోబ్రి మాకు నేర్పిన పాఠం అదొక్కటే.
ముందు ఏముందో ముందున్నవాడే చెప్తాడు,
వెనక ఎవరున్నారో మనమే అడగాలి, అనేవాడు.
గొట్టానికి రెండు నోళ్లు.
ఒకటి ఇనుప బండిని కరుస్తుంది.
రెండోది ఎవర్ని కరుస్తుందో దానికే తెలీదు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు.
బాల్కన్ కొండల కింద గులాబీ లోయ మాది.
మే నెలంతా చీకటుండగానే చేలల్లో ఉండేవాళ్లం,
ఎండ పొడ తగిలితే పువ్వులో నూనె ఎగిరిపోతుందని.
ఏడింటికి ఫ్యాక్టరీ సైరన్.
ముళ్లు గీరిన వేళ్లతోనే
రాకెట్ తోకకి రెక్కలు మడిచేదాన్ని.
తనిఖీ చేసే ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని
"ఇది వెలిచ్కా మడిచింది" అనేది.

మా నాన్న రాగి పనివాడు,
గులాబీ బట్టీలకు కాగులు కొట్టేవాడు.
గంపలకొద్దీ పువ్వు లోపల ఉడికితే
చివర్న సన్నటి గొట్టంలోంచి ఒక చుక్క.
రాకెట్ కడుపులోనూ రాగి గరాటే ఉంటుందని,
మందు పేలగానే అది తనలోకి తానే ముడుచుకుని
సూదిలా సాగి
జానెడు ఉక్కులో దారి చేసుకుంటుందని
ఒక రాత్రి అన్నం దగ్గర చెప్పాను.
నాన్న చాలాసేపు చెంచా కదపలేదు.
"అయితే అదీ బట్టీయే.
మరి అందులో ఉడికేదెవరు?"

గోదాము పక్క గదిలో పాత గొట్టాలు గోడకి ఆనించి ఉండేవి,
చచ్చిపోయిన చుట్టాల ఫోటోల్లా.
ఒకటి జర్మన్లది. ఒక్కసారి కాల్చి పారేసేది.
దాని మీద ఎర్ర అక్షరాలు: జాగ్రత్త, నిప్పు వెనక్కి వస్తుంది.
యుద్ధం ఓడిపోతున్న ఆఖరి వసంతంలో
పొలాలు దున్నే ముసలివాళ్లకీ
మీసం రాని పిల్లలకీ అవి పంచారట.
బండి ముప్పై మీటర్ల దగ్గరికి వచ్చేదాకా
గుంటలో ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.
ముప్పై మీటర్లంటే
ఎదురింటావిడ తీగ మీద ఆరేసిన చొక్కాకి
ఏ గుండీ ఊడిందో కనిపించేంత దూరం.

ఇంకొకటి అమెరికా వాళ్లది.
కొరియాలో వానలు పడే నెలలో
అది గురి చూసి కొట్టిన రాకెట్లు
బండి ఒంటి మీంచి గులకరాళ్లలా జారిపోయాయట.
కొట్టినవాళ్లు ఏమయ్యారని అడిగితే
గది తాళాలున్న ముసలాయన కిటికీ వైపు చూశాడు.
ఆ తర్వాత పెద్ద గొట్టం వచ్చింది.
ఆ తర్వాత మందమైన ఉక్కు.
ఆ తర్వాత మా గొట్టం.

గోడ కూలిన తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయి.
తొమ్మిది నెలలు జీతం లేదు.
చెప్పడానికి సిగ్గుగా ఉంది,
ఆ చలికాలం రొట్టెల వరసలో నిలబడి
ఎక్కడో ఒక యుద్ధం వస్తే బావుండని
మేమందరం మనసులో అనుకున్నాం.
వచ్చింది.
నేను కొత్త పొయ్యి కొనుక్కున్నాను.

ఆ పొయ్యి పక్కనే టీవీ.
ఏ ఊరో తెలీదు. పసుపు రంగు దుమ్ము.
తలపాగా చుట్టుకున్న కుర్రాడు
భుజం మీదికి గొట్టం ఎత్తాడు.
తోక మడతలు నావేనేమోనని ముందుకు వంగాను.
అప్పుడు కనిపించింది,
వాడి వెనక గోడవారన
రొట్టె పట్టుకుని నిలబడ్డ చిన్న పిల్ల.
"వెనక్కి చూడరా!"
వంటింట్లో గిన్నెలు అదిరేలా అరిచాను,
వాడికి రాని భాషలో.
బొమ్మ మారిపోయింది. వాతావరణం చెప్పారు,
రేపు మా లోయలో మంచు పడుతుందని.

దోబ్రికి ఇప్పుడు ఎనభై దాటాయి.
పాఠం చెప్పీ చెప్పీ
కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది మొన్న.
అయినా మే నెలలో గంప తగిలించుకుని వస్తాడు.
మా వరసకి ముందు వరసలో వంగి కోస్తుంటాడు.
ఎంత పిలిచినా తిరగడు.
మంచుకు తడిసిన పొదలు తప్పించుకుంటూ
చుట్టూ తిరిగి వెళ్లి
ఆయన ఎదురుగా నిలబడతాను.
ఉలిక్కిపడి నన్ను కాదు,
ముందు తన వెనక్కి చూస్తాడు.